గలాలీలో నా పసుపు సేద్యం

బహ్రెయిన్‌లో నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ పెద్దది "నేను రైతును" అన్నది. ఎనభై ఆరులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, మేముండే సల్మాబాద్ కూలీల క్యాంపుకు వచ్చి, గలాలీలోని తన ఇంటి తోటకు మనిషి కావాలి, సేద్యం ఎవరికి వచ్చు అని అడిగాడు. ఇనుప చువ్వలు మోసి మోసి నా భుజాలు పుండ్లయ్యాయి. అతని మాట పూర్తి కాకముందే చెయ్యెత్తాను. ఊళ్లో నాకు పసుపు చేను ఉన్న మాట నిజమే. దున్నించేది, విత్తేది, తవ్వేది మాత్రం నా పెళ్లాం భీమవ్వ. నేను సలహాలు ఇచ్చేవాణ్ని. వాటిని ఆమె వినేది కాదు కాబట్టే పంట బాగా వచ్చేది.

కఫీల్ తల్లి ఒకప్పుడు మొగుడితో బొంబాయిలో ఉండి వచ్చింది. హిందీ నాకన్నా నయంగా మాట్లాడేది. అక్కడ తిన్న పచ్చి పసుపు ఊరగాయ చచ్చేలోగా మరోసారి తినాలని ఆమె కోరిక. "పసుపంటే నాకు వెన్నతో పెట్టిన విద్యమ్మా" అన్నాను. సెలవు నుంచి తిరిగొస్తున్న మా ఊరి పోశన్న చేత విత్తనపు కొమ్ములు తెప్పించి, ఖర్జూరపు చెట్ల నీడలో నాటాను.

అవి మొలవడం చూసి అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది నేనే. నడుమెత్తు పెరిగాయి. కఫీల్ ఇంటికి వచ్చినవాళ్లందరినీ తీసుకొచ్చి తోట చూపించేవాడు. నేను పక్కన చేతులు కట్టుకుని, అంతా నా చలవే అన్నట్టు నిలబడేవాణ్ని.

చలికాలం రాగానే ఆకులు పండబారాయి. కఫీల్ ముఖం మాడిపోయింది.

"చెట్లకు జబ్బు చేసింది. తోట చచ్చిందంటే నువ్వు మళ్లీ సల్మాబాద్‌కే" అన్నాడు.

అది జబ్బు కాదని నాకు తెలుసు. పసుపు ఆకు పండితే లోపల గడ్డ ఊరుతోందని అర్థం. అప్పుడు ఎరువు ఆపాలి, నీళ్లు తగ్గించాలి, ఆకును ఎండనివ్వాలి. మా ఊళ్లో ఈ సంగతి మేకలకు కూడా తెలుసు. ఆ ఒక్క మాట చెబితే పోయేది. సల్మాబాద్ పేరు వినగానే నా నోరు పడిపోయింది. పండిన ఆకులు గిల్లేసి, యూరియా చల్లి, నీళ్లు పెట్టాను. కొత్త ఆకులు నిగనిగలాడుతూ లేచాయి. కఫీల్ "షాబాష్" అన్నాడు.

ఇక అదే నా డ్యూటీ అయింది. ఎక్కడ ఆకు పండితే అక్కడ గుప్పెడు యూరియా. ఒక శుక్రవారం పోశన్న చూడవచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏందిరా ముత్తన్నా గిది? ఆకును పండనిస్తలెవ్వు. గడ్డ ఎట్ల ఊర్తది?"

"గడ్డ మన్నుల ఉంటదిరా. కఫీల్‌కు ఆకే గద కనవడేది" అన్నాను. ఆ జవాబు నాకు ఎంతో తెలివైనదిగా తోచింది.

చలి తగ్గాక ముసలమ్మ కర్ర పట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని తోటలోకి వచ్చింది. తవ్వమంది. మొదటి మొక్క కింద వేళ్లూ మట్టీ ఉన్నాయి. రెండోదాని కింద చిటికెన వేలంత ముక్క. వరసంతా అంతే. ముసలమ్మ ముఖం చిన్నబోయింది. తిట్టినా బాగుండేదనిపించింది.

"ఖలాస్. రేపు సల్మాబాద్ వెళ్లిపో" అన్నాడు కఫీల్.

వెనక్కి తిరుగుతూ ముసలమ్మ నీళ్ల ట్యాంకు వెనకాలకు కర్ర చూపించింది. నాటగా మిగిలిన ఒక కొమ్మును అక్కడ గుచ్చి మరిచిపోయాను. ట్యాంకు కారితే తాగి బతికింది. ఎవరి కంటా పడలేదు కనుక దానికి యూరియా కూడా పడలేదు. ఇప్పుడు ఆకులు ఎండి నేలకు ఒరిగి ఉన్నాయి.

"అది చచ్చిపోయిందమ్మా" అన్నాను.

"తవ్వు."

పలుగు వేసి ఎత్తితే రెండు చేతులకూ సరిపడా గడ్డ లేచింది. ముసలమ్మ ఒక కొమ్ము విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"దీనికి ఏం వేశావు?"

మా తాతల నాటి రహస్యపు మందు అని చెబితే నా ఉద్యోగం దక్కేది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆ వాసన నాకూ తగిలింది. పసుపు తవ్వి ఇంటికొచ్చిన భీమవ్వ చేతుల వాసన. నాకు ఏడుపొచ్చింది.

"ఏమీ వేయలేదమ్మా. దీన్ని మరిచిపోయాను. మిగతావాటిని నీ కొడుక్కు భయపడి పాడుచేశాను."

ఆమె కొడుకును చూసి బోసినోటితో నవ్వింది. "వీణ్ని ఉండనీ. వచ్చే ఏడు కూడా వీడే వేస్తాడు. నువ్వు అటువైపు రాకు" అంది.

మరుసటి చలికాలం ఆకులు పండుతుంటే కఫీల్ ఉండబట్టలేక వచ్చాడు. "మళ్లీ జబ్బు" అన్నాడు.

"జబ్బు కాదు, పంట. యూరియా వేయను" అన్నాను, కళ్లలోకి చూస్తూ.

అతను గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. కఫీల్‌కు ఎదురుచెప్పిన మొనగాణ్నని క్యాంపులో నాకు ఇప్పటికీ పేరుంది. ముసలమ్మ వాకిట్లోనే కూర్చుని ఉందని ముందే తొంగిచూసుకున్న సంగతి నేనెవరికీ చెప్పలేదు.