పసుపు చీటీ ఉన్నచోట సంతకం

ఆమె విజిటింగ్ కార్డు మీద ‘చీఫ్ ఆఫ్ స్టాఫ్’ అని ఉంటుంది. అది చూసి అత్తగారు మురిసిపోయి, "నీ కింద ఎంతమంది పనిచేస్తారమ్మా?" అని అడిగారు. ఎవరూ చెయ్యరు. పెట్టుబడుల సంస్థలో ఆ పదవికి కింద స్టాఫ్ ఉండదు, పైన ఒక పెద్దాయన ఉంటాడు. ఆయన ఏ మీటింగుకు వెళ్ళాలో, వెళ్ళి ఏం మాట్లాడాలో, ఎవరిమీద కోప్పడాలో అన్నీ ఆమే రాసిస్తుంది. ఆమె పసుపు చీటీ అంటించిన చోటల్లా ఆయన సంతకం పెడతాడు. చదివే అలవాటు లేదు.

"రెండేళ్ళు నా దగ్గర చెయ్యి, తర్వాత పెట్టుబడుల టీములోకి పంపిస్తా," అని చేరేటప్పుడు మాటిచ్చాడు. ఆమెకు కావలసిందీ అదే. ఒక మంచి కంపెనీని తనే వెతికిపట్టుకుని, ‘ఇందులో పెడదాం’ అని తన నోటితో తను చెప్పాలి. ఆరేళ్ళయింది. ఇంకా ఆయన నోటితోనే చెబుతోంది.

ఆ సోమవారం గుండె చిక్కబట్టుకుని, ఆ టీములోకి పంపమని అడిగేసింది.

"భేషుగ్గా! కమిటీ ముందు పెడదాం. నోట్ తయారుచెయ్యి," అన్నాడు పెద్దాయన.

అక్కడ కమిటీ ముందుకెళ్ళే ఏ నోటుకైనా ఆఖరి పేజీ ‘ఎందుకు వద్దు’ అని ఉండి తీరాలి. ఆ పేజీ రాయడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. తన గురించే అయినా చెయ్యి ఊరుకోలేదు. "ఈమె కదిలితే పెద్దాయన ఆఫీసు మూడు రోజులు కూడా నడవదు" అని ఉన్నమాట రాసి పారేసింది. కమిటీలో ఐదుగురూ ఆ పేజీ ఒక్కటే చదివి తలలూపారు.

"ఏం రాశావమ్మా!" అంటూ వచ్చాడు పెద్దాయన. "నిన్ను వదులుకోకూడదని అందరికీ తెలిసొచ్చింది. కుదరదని నీకో ఉత్తరం ఇవ్వాలట. నా మాటల్లో రాసి పెట్టు, కాస్త ఆప్యాయంగా ఉండనీ."

ఆమెకు ఏడుపొచ్చింది. నాలుగు నిమిషాలు ఏడ్చింది కూడా. ఐదో నిమిషానికి ఆయనకు ఫోన్ కాల్ ఉంది, దానికి మాటలు రాసివ్వాలి.

సాయంత్రం ఫోల్డరులో రెండు ఉత్తరాలు పెట్టింది. మొదటిది, కుదరదని. రెండోది, ఆమె రాజీనామాను ఇవాళ్టి నుంచే అంగీకరిస్తున్నానని. రాజీనామా వెనకాలే పిన్ను చేసి ఉంది, దాచిందేమీ లేదు. ఈ ఒక్కటి చదివి "ఇదేంటమ్మా?" అంటే చాలు, సిగ్గు విడిచి ఉండిపోదామనే అనుకుంది.

మొదటిదాని మీద సంతకం పడింది. రెండోదాని దగ్గర పెన్ను ఆగింది. ఆమె ఊపిరీ ఆగింది.

"‘ఇచ్చిన మాట ఆరేళ్ళలో ఒక్కసారీ గుర్తు చేసుకోలేదు. ఆ తప్పు నాది,’" అని ఆయన పైకి చదివాడు. ఆ ఒక్క ముక్కే మళ్ళీ ఒకసారి లోపల చదువుకున్నాడు.

"బాగుందమ్మా. అచ్చం నేను రాసినట్టే ఉంది."

సంతకం పెట్టి, ఫోల్డరు మూసి చేతికిచ్చాడు.

"రేపు పొద్దున నేనెక్కడుండాలి?"

"తెలీదండీ," అంది. ఆరేళ్ళలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి.