ముడుపు కట్టిన పెరుగు

కరోనా మొదలైన ఆ ఎండాకాలం మా ఇంట్లో చల్లటిది ఏదీ ఉండకూడదని నేనే కట్టడి పెట్టాను. చల్లటిది తింటే గొంతు పట్టుకుంటుంది, గొంతు పట్టుకుంటే దగ్గు వస్తుంది, దగ్గు వినపడితే పక్క గదివాళ్ళు ఎవరికో ఫోన్ చేస్తారు, అంతే, తెల్ల బట్టలవాళ్ళు బండి తెచ్చి మనిషిని తీసుకుపోతారు. ఒక్క ఐసు ముక్క నుంచి ఆ బండి దాకా దారంతా నాకు కళ్ళ ముందు కనిపించేది. అందుకే ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి లోపల ఉల్లిగడ్డలు పోశాను. పండ్లు కూడా కొననివ్వలేదు. ఎన్ని చేతులు తాకి వస్తాయో ఎవరు చూశారు?

మా ఊరు విడిచి మగ్గాల పనికి వచ్చిన ఈ గుజరాతీవాళ్ళ ఊరు ఉధ్నాలో మాది ఒకటే గది. బట్ట నేసే సాంచాలు బంద్ అయినప్పటి నుంచి మా ఆయన పరుశురాం రోజంతా ఇంట్లోనే. బిడ్డ సంగీత పదో తరగతి పరీక్షలు రాసి ఊరికే కూర్చుంది. ఇద్దరికీ చేతినిండా తీరిక, నాలుకల మీద ఆశ. వాళ్ళిద్దరూ ఒక్కటయ్యారని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒకరోజు పొద్దున పాలకు వెళ్ళిన మా ఆయన చాలాసేపటికి తిరిగొచ్చాడు. నా ముఖం వైపు చూడలేదు. నేను బిందె తీసుకుని కింద నల్లా దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి, దేవుడి పటం పక్కన మేకుకు పసుపు గుడ్డ మూట ఒకటి వేలాడుతోంది.

మా సిరిసిల్ల వైపు ఇంట్లో ఎవరి ప్రాణం మీదికైనా వస్తే వేములవాడ రాజన్నకు మొక్కి, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి దేవుడి దగ్గర పెడతాం. అదే ముడుపు. మొక్కు తీరేదాకా దాన్ని విప్పకూడదు. ఇది చూడబోతే కొబ్బరికాయంత ఉంది. ఎంత పెద్ద ఆపద వస్తే అంత పెద్ద ముడుపు కట్టి ఉంటాడు! గుడ్డ తడిగా కూడా ఉంది. అంటే తడిబట్టతో మొక్కాడు. నీటిచుక్కలు నేల మీద పడకుండా కింద గిన్నె పెట్టాడు. ఇంత భక్తి మా ఆయనకు ఊరికే రాదు.

అడిగితే నిజం చెప్పడని ఊరుకున్నాను. నా దగ్గర దాచాడంటే చెప్పలేని రోగమే అయి ఉంటుంది. మధ్యాహ్నం పప్పుచారు చేస్తే సగం పళ్ళెం వదిలేశాడు. కడుపు నిండిందట. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, పప్పుచారు వండిన రోజు ఆ మాట ఎన్నడూ వినలేదు. సంగీత కూడా నాలుగు ముద్దలు తిని లేచిపోయింది.

అప్పుడే గదిలో మామిడిపండు వాసన గుప్పుమంది. పక్క గదిలోంచి వస్తోందనుకున్నాను. ఈ రోగం వస్తే ముక్కుకు వాసన తెలియదని టీవీలో చెప్పింది గుర్తొచ్చి, పైకి మామూలుగానే అడిగాను.

"ఏదో మామిడిపండు వాసనొస్తుంది. నీకొస్తలేదా?"

మా ఆయన సంగీత వైపు చూశాడు. "నాకేం వస్తలేదు" అన్నాడు.

"నీకో బిడ్డా?"

"నాకు గూడ ఏం వస్తలేదమ్మా."

ఇద్దరికీ ఒకేసారి. మెట్ల మీదికి వెళ్ళి ఊళ్ళో ఉన్న ఆడబిడ్డ సారక్కకు ఫోన్ చేసి, ముడుపు సంగతి, వాసన సంగతి చెప్పి ఏడ్చాను. ఆమె నాకంటే గట్టిగా ఏడ్చింది. ఏడుస్తూనే, వాళ్ళిద్దరినీ ఒక పక్కన ఉంచి తెర కట్టమంది.

గది మధ్యలో నా పాత చీర కట్టాను. దేవుడి పటం, ఫ్రిజ్, వాళ్ళిద్దరూ అటు. పొయ్యి, నేను ఇటు. అంతకు ముందు నెలలో మా ఆయన రెండుసార్లు తుమ్మినందుకే ఒక పూట అలా కట్టి ఉన్నాను కాబట్టి వాళ్ళకు అలవాటే. మిరియాల కషాయం కాచి చీర కింది నుంచి లోపలికి తోశాను. ఎందుకు తెర అని అడగకుండా బుద్ధిగా తీసుకున్నారు. అది చూసి ఇంకా భయమేసింది.

సాయంత్రం దాకా ఇటు పక్కన కూర్చుని రాజన్నను తలచుకున్నాను. లోపల గుసగుసలు. ఎక్కడో మోటారు గుర్రుమంటోంది. చీర మీద రెండు నీడలు పడ్డాయి, భుజాలు కదులుతున్నాయి. తండ్రీబిడ్డలు ఒకరినొకరు పట్టుకుని నోరు మూసుకుని ఏడుస్తున్నారనుకున్నాను. రోగం నాకూ వస్తే రానీ, ముగ్గురం కలిసే పోదామని లేచి చీర పక్కకు లాగాను.

మొదట కనిపించింది మేకుకు వేలాడుతున్న ఖాళీ పసుపు గుడ్డ.

"ముడుపు ఎందుకు విప్పిండ్రు?" అన్నాను.

సంగీత నోట్లో చెంచా ఉంది. వాళ్ళ మధ్య పెద్ద స్టీలు గిన్నె, అందులో తెల్లగా, చిక్కగా, మామిడి ముక్కలతో ఏదో ఉంది. ఫ్రిజ్ నడుస్తోంది. నా ఉల్లిగడ్డలు మూలన కుప్పగా ఉన్నాయి. వాళ్ళు ఏడవడం లేదు, నవ్వుతున్నారు.

"ముడుపేందమ్మా? అది పెరుగు" అంది సంగీత.

తర్వాత అంతా చెప్పింది. బళ్ళో స్నేహితురాలు నేర్పిందట. పెరుగును గుడ్డలో మూటకట్టి నీళ్ళన్నీ కారిపోయేదాకా వేలాడదీసి, మిగిలిన ముద్దలో చక్కెర, యాలకుల పొడి కలిపి, పండ్ల ముక్కలు వేసి చల్లబెడితే చాలట, పొయ్యి వెలిగించే పనే లేదట. దాన్ని ఇక్కడి గుజరాతీవాళ్ళు మఠో అంటారు. ఉతికిన గుడ్డ ఇంట్లో అదొక్కటే దొరికిందట, మేకు అక్కడొక్కటే ఉందట. పండ్లను ఉప్పునీళ్ళలో మూడుసార్లు కడిగిందట.

"మరి వాసన?" అన్నాను మా ఆయనతో.

"వచ్చింది ప్రమీలా. పొద్దటిసంది వస్తనే ఉంది. చెప్తే పండ్లు బయటవడేస్తవని చెప్పలే" అన్నాడు తలవంచుకుని.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే అతని వీపు మీద రెండు దెబ్బలు వేశాను. వీపు చల్లగా, జ్వరం లేకుండా ఉందని చేతికి తెలిశాక ఇంకో దెబ్బ వేశాను. నేను చెంచా అందుకునేలోపు ఫోన్ మోగింది. సారక్క. అందరికీ వినపడేలా పెట్టాను.

"ఏడువకు ప్రమీలా, నేను రాజన్నకు మొక్కిన. నా తమ్ముడు పరుశురాం పానం నిలవడితె గుండు కొట్టించుకుంటడని మొక్కిన. మీసాలు గూడ ఇస్తడన్న."

మా ఆయన చేతిలో చెంచా ఆగిపోయింది. ఒద్దు, పెరుగని చెప్పు అంటూ రెండు చేతులతో సైగలు చేస్తున్నాడు. దేవుడితో లేనిపోని పేచీ నేనెందుకు పెట్టుకోవాలి? మొక్కు మొక్కేశారు, ప్రాణం నిలబడింది. అందులో అబద్ధమేముంది?

"నిలవడ్డది వదినె. ఇద్దరికీ ఇప్పుడే వాసన గూడ వచ్చింది" అన్నాను.

సారక్క రాజన్నకు దండాలు పెట్టుకుంటూ, తమ్ముడు ఏమైనా తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడని, నాకు కూడా పెడుతున్నాడని చెప్పి, గిన్నె అతని ఒళ్ళోంచి నా ముందుకు లాక్కున్నాను. మీసానికి అంటిన మఠో తుడుచుకోవడం కూడా మరిచిపోయి అతను నన్నే చూస్తున్నాడు.