పచ్చ తీగ

2003 డిసెంబరులో ఒక ఉదయం, మదనపల్లెలోని ఇంట్లో గీజరు కుళాయి తిప్పబోయిన సుగుణను కరెంటు పట్టేసింది. ఆమె భర్త, సైన్సు మాస్టారు దేవదానం, మెయిన్ ఆపి స్నానాలగది తలుపు పగలగొట్టేసరికే ప్రాణం పోయింది.

సమాధి చేసి వచ్చాక, గీజరు బిగించిన మునెప్ప వచ్చి ఏడ్చాడు.

"ఈడంతా బండ సార్, ఎర్తు గుంత యాడ తవ్వేది? పచ్చ తీగ కత్తిరించినా నీళ్లు కాగుతాయి కదా అనుకుంటిని. ఇట్లయితాదని నాకు తెలీకపాయె."

"నాకు తెలుసు కదప్పా," అన్నాడు దేవదానం.

లీకైన కరెంటును మనిషికి తగలకుండా భూమిలోకి పంపేది ఆ తీగేనని ఏటా పదో తరగతికి బొమ్మ గీసి చెప్పేవాడు. అయినా గీజరు బిగించిన రోజు, ఆ తీగ కత్తిరించడం చూసి కూడా, క్రిస్మస్‌కు చుట్టాలొస్తారని మునెప్పను తొందరపెట్టింది తనే.

మునెప్ప అదే వీధిలో ఇంకో నాలుగిళ్లకు అట్లాగే బిగించాడు. వాళ్లకు చెప్పాలంటే, తనకు ముందే తెలుసన్న సంగతీ చెప్పాలి. దేవదానం ఆ నాలుగు తలుపులూ ఇంకా తట్టలేదు.