దొంగ బావ డాక్టరయ్యాడు

మా బావ ఇరవై ఏళ్లు దొంగతనం చేశాడు. మామూలు రోజుల్లో పన్నెండు సార్లు, ఆదివారాలైతే పద్దెనిమిది. పట్టుకోవడానికి ఒక్క పోలీసూ రాలేదు సరికదా, ఆ దొంగతనం చూడడానికి జనం టికెట్లు కొనుక్కుని ఎండలో లైను కట్టేవాళ్లు.

మేమిద్దరం ఒక వినోదాల పార్కులో పనిచేస్తాం. అందులో సఫారీ ఉంది. ముప్పై రెండు సీట్ల బండి, కిటికీలకు అద్దాలుండవు. దానికి డ్రైవర్ని నేను. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మైకు. నాకు అక్షరం ముక్క రాదు గానీ, మైకు చేతికొస్తే మాత్రం నోరు ఆగదు. ఒకసారి నా కథ విని మా మొసలి వెక్కివెక్కి ఏడ్చింది, ఆ నీళ్లతోనే మా చెరువు నిండింది. ఎవరూ నమ్మరు. చెరువు మాత్రం నిండే ఉంది, వచ్చి చూసుకోవచ్చు.

పాత కథ ఇది. అడవిలో ఏనుగు గున్న ఒకటి. దాన్ని ఎత్తుకుపోవడానికి ఒక దొంగ కాచుకుని ఉంటాడు. రెండో మలుపు దగ్గర నేను రెండుసార్లు హారను కొడతాను. వెంటనే మా బావ బండరాయి వెనకనుంచి బయటికి దూకుతాడు. నల్ల చొక్కా, చెవుల దాకా మీసాలు, చేతిలో బొమ్మ తుపాకి. గాల్లోకి ఒకసారి ఢామ్మని పేల్చి, గడ్డిలో పడి అవతలి కొండరాళ్ల దాకా పరుగు. మేం బండేసుకుని వెంటపడతాం. చివరికి గున్న దొరుకుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. గున్న రబ్బరుది, లోపలంతా మోటార్లు. జిరాఫీ, జీబ్రాలు, నిప్పుకోడి మాత్రం ప్రాణమున్నవే. దొంగ పరిగెత్తగానే అవన్నీ అతని వెనకాలే పరిగెత్తేవి. ఆహా, జంతువులు కూడా దొంగని తరుముతున్నాయే అని జనం ముచ్చటపడేవాళ్లు.

అసలు సంగతి మా ఇద్దరికీ, మా అక్కకీ తప్ప ఎవరికీ తెలీదు. బావకి ఆ మీసాలే గానీ మనసు వెన్నపూస. తుపాకి చప్పుడుకి జంతువులు బెదురుతాయని పాపం మొదటిరోజే బాధపడిపోయాడు. రాళ్ల చాటుకు పోయి జేబులోని క్యారెట్లు తీసి తలా ఒకటి పెట్టి బుజ్జగించాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. అక్క రోజూ పొద్దున్నే ఆయన టిఫిను డబ్బాతో పాటు క్యారెట్ల సంచీ కూడా కట్టిచ్చేది. అలా హారను మోగితే బావ పరిగెడతాడు, బావ పరిగెడితే క్యారెట్టు వస్తుంది అని ఆ జంతువులకు బాగా వంటబట్టింది. ఆఫీసువాళ్లు మాత్రం మా జంతువులకు ఎంత మంచి శిక్షణ ఇచ్చామో అని ఇరవై ఏళ్లుగా మురిసిపోతున్నారు.

ఇంతలో కొత్త మేనేజరమ్మ వచ్చింది. చెడ్డ మనిషేం కాదు. తుపాకి పేలగానే చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారని తల్లులు చీటీలు రాసి పెట్టెలో వేశారట. వారం రోజులు సఫారీ మూసేసి, కథ మార్చి, శనివారం తెరుద్దామంది. నా చేతిలో ఆరు కాగితాలు పెట్టి, "ఇందులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సొంత కవిత్వం వద్దు" అంది.

మధ్యాహ్నం బండి షెడ్డులో ఒక టైరు మీద నేను, ఇంకో టైరు మీద బావ కూర్చున్నాం. కళ్లజోడు పెట్టుకుని బావ చదివి వినిపిస్తున్నాడు.

"ఏనుగు గున్నకి కడుపునొప్పి వచ్చింది."

"అయ్యో. ఏం తిన్నదట?"

"రాయలేదురా."

"సరే, తర్వాత?"

"మనమందరం మందుల పెట్టె తీసుకుని అడవి ఆసుపత్రికి బయలుదేరాం."

"బాగుంది. మరి నువ్వెక్కడొస్తావు?"

"వస్తానులే, ఇంకా నాలుగు కాగితాలున్నాయి" అని వేలు తడి చేసుకుని తిప్పాడు. చదివాడు, తిప్పాడు, చదివాడు, తిప్పాడు. ఆఖరి కాగితం అయిపోయింది. వెనక్కి తిప్పి చూస్తే తెల్లగా ఉంది. ఆ తెలుపు వైపు కూడా కాసేపు చూశాడు.

"దొంగ లేడురా ఇందులో" అన్నాడు.

"సరిగ్గా చూడు బావా. దొంగ కదా, ఎక్కడో దాక్కుని ఉంటాడు."

నవ్వాడు. పెదాలు నవ్వాయి గానీ మీసాలు కదల్లేదు. సాయంత్రం ఆఫీసులో అడిగితే ఉన్నమాటే చెప్పారు. కథలో దొంగ లేడు కాబట్టి దొంగ ఉద్యోగమూ లేదు, ఈ నెలాఖరుతో సరి. యాభై ఏడేళ్ల మనిషి. గేటు దాటుతుంటే అన్నాడు, "ఇంకోచోట పనికి పోతే, ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారు కదరా. ఏం చెప్పను? దొంగతనంలో ఇరవై ఏళ్ల అనుభవం ఉందని చెప్పనా?"

మూడో రోజు మా అక్క మా ఇంటికొచ్చింది. చెప్పులైనా విప్పలేదు, గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఒరేయ్, మీ బావని మళ్లీ దొంగని చేస్తావా చెయ్యవా?"

"నా చేతిలో ఏముంది అక్కా?"

"మైకు లేదూ? ఊళ్లోవాళ్లందరికీ కథలు చెప్తావే, ఆ మేనేజరమ్మకి ఒకటి చెప్పలేవా? మూడు రోజులుగా ఇంట్లో కూర్చుని నాకు సాయం చేస్తున్నాడు. వంటింట్లో డబ్బాలన్నీ సర్దిపెట్టాడు. పంచదార ఎక్కడుందో నాకు తెలీదు, ఆయనకీ గుర్తులేదు. పొద్దున ఉప్పేసిన టీ తాగాం ఇద్దరం."

"బావ ఏమంటున్నాడు?"

"ఏమంటాడు, ఏమీ అనడు. పెరట్లో నిలబడి పక్కింటి పిల్లికి క్యారెట్టు చూపిస్తున్నాడు." గొంతు కాస్త తగ్గించింది. "ఇరవై ఏళ్లు దొంగతో హాయిగా కాపురం చేశాన్రా. ఇలా దిగాలుగా కూర్చున్న పెద్దమనిషితో నా వల్ల కాదు."

మర్నాడు పొద్దున్నే మేనేజరమ్మ గదికి పోయాను. కుర్చీ చూపించింది గానీ నేను కూర్చోలేదు. కూర్చుంటే నాకు మాట రాదు, డ్రైవరు సీటైతే తప్ప.

"మేడమ్, కొత్త కథ బంగారంలా ఉంది. ఆసుపత్రి ఉంది, రోగి ఉంది. డాక్టరేడి?"

"డాక్టరు గొంతు స్పీకర్లో వస్తుంది."

"గొంతు సూది ఎలా వేస్తుంది మేడమ్?"

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎవరున్నారు మీ మనసులో?"

"మా బావ."

"ఆ మీసాలాయనా? ఆయన్ని చూస్తే పిల్లలకి లేని రోగం వస్తుంది."

"మీసాలదేముంది, కత్తిరిస్తే పోతాయి."

గోడమీది క్యాలెండరు వంక చూసింది. "శనివారం పది గంటలకి ఓనరు గారు వస్తున్నారు. స్కూలు పిల్లలు కూడా వస్తారు. ఆ ఒక్క ట్రిప్పు చూస్తాను. గున్న పక్కన నిలబడాలి, నవ్వాలి, చెయ్యి ఊపాలి. అది కుదిరితే ఆయనే డాక్టరు. కుదరకపోతే స్పీకరే. తర్వాత నన్ను అడగొద్దు."

శుక్రవారం బావని సెలూనుకి తీసుకుపోయాను. ఆ మీసాల దెబ్బకి రెండు కత్తెరలు మొద్దుబారాయి. రాలిన మీసం చీపురుతో ఎత్తలేక పార తెచ్చారంటే అక్క నన్ను కొట్టింది గానీ, దాంట్లో సగం నిజముంది. ఆ అక్కే, మేం వచ్చి తలుపు కొడితే తీసి, సొంత మొగుణ్ణి ఎగాదిగా చూసి, "ఎవరు కావాలండీ?" అంది.

తెల్లకోటు తొడిగాం. మెడలో స్టెతస్కోపు, చేతిలో నల్ల సంచీ. నిజం డాక్టర్లు చూసినా లేచి నిలబడేలా ఉన్నాడు.

"బావా, నువ్వేం చెయ్యక్కర్లేదు. ఊరికే నిలబడు, అంతే."

"అదే నాకు భయంగా ఉందిరా. పరిగెత్తడం వచ్చు. నిలబడ్డం ఎప్పుడు నేర్చుకున్నాను?"

"కాళ్లకి గట్టిగా చెప్పు."

"నేను చెప్తాను. అవి వినాలి కదా."

శనివారం వచ్చింది. ముందు సీట్లో ఓనరు గారు, పక్కన మేనేజరమ్మ, వెనకంతా పిల్లలు. ఆరు కాగితాలూ బావ చదవగా చదవగా నాకు నోటికొచ్చేశాయి. ఉన్నది ఉన్నట్టు మొదలుపెట్టాను. "ఎడమవైపు చూడండి పిల్లలూ, జిరాఫీ మెడ చాచి మనకి స్వాగతం చెబుతోంది."

జిరాఫీ మాకు వీపు తిప్పి నిలబడి ఉంది. జీబ్రాలు దూరంగా నీడలో పడుకున్నాయి. నిప్పుకోడి అయితే కంటికే కనబడలేదు. వారమై క్యారెట్టు లేదు, పరుగు లేదు, వాటికి మాతో ఏం పని? పిల్లలు ఆవలించారు. ఓనరు గారు మేనేజరమ్మ వంక చూశారు. మేనేజరమ్మ అద్దంలో నా వంక చూసింది. నేను రోడ్డు వంక చూశాను.

రెండో మలుపు వచ్చింది. అల్లంత దూరాన గున్న పక్కన మా బావ, తెల్లగా, బుద్ధిగా, చెయ్యి ఊపుతూ నిలబడి ఉన్నాడు. అబ్బ, నిలబడ్డాడే అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే నా చెయ్యి పోయి రెండుసార్లు హారను కొట్టింది. కాగితంలో హారను లేదు. చదువురాని చెయ్యి, కాగితం సంగతి దానికేం తెలుసు?

అంతే, బావ కాళ్లు లేచాయి. మొహం ఇంకా నవ్వుతూనే ఉంది, చెయ్యి ఇంకా ఊపుతూనే ఉంది, కింద కాళ్లు మాత్రం పరుగు తీస్తున్నాయి. కోటు గాలికి రెక్కల్లా లేచింది. జిరాఫీ గిరుక్కున వెనక్కి తిరిగింది. జీబ్రాలు నాలుగూ ఒక్కసారే లేచాయి. పొదలోంచి నిప్పుకోడి బాణంలా వచ్చింది. అందరికన్నా ముందు డాక్టరు, వెనకాల అడవంతా.

పిల్లలంతా సీట్లలోంచి లేచి చూశారు. ఒక చిన్నపిల్ల అడిగింది, "డాక్టరు ఎందుకు పారిపోతున్నాడు?"

మేనేజరమ్మ కళ్లు మూసుకుంది. నా చేతిలో మైకుంది. నా నోట్లో ఆరు కాగితాల్లో ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

"ఏం చెప్పమంటావు తల్లీ" అన్నాను మైకులో. "మా డాక్టరు గున్నకి సూది వేద్దామని వచ్చాడు. ఆ మాట జిరాఫీ విన్నది. దానికి ఎత్తెక్కువ, దూరం నుంచే వినబడతాయి. వెళ్లి జీబ్రాలకి చెప్పింది. మా గున్నకే సూది వేస్తావా అని, ముందు నీకు వేస్తాం రా అని అందరూ కలిసి బయలుదేరారు. డాక్టర్లకి ఎదుటివాళ్లకి సూది వెయ్యడమే తెలుసు, వేయించుకోవడం తెలీదు. ఇప్పుడు చెప్పండి, మనం ఎవరి వైపు?"

సగంమంది జిరాఫీ వైపన్నారు, సగంమంది డాక్టరు వైపన్నారు. ఓనరు గారు కూడా ఏదో అన్నారు, గోలలో వినబడలేదు. నేను బండిని వాళ్ల వెనకే పోనిచ్చాను.

రాళ్ల చాటున చూస్తే బావ నేలమీద కూలబడి రొప్పుతున్నాడు. జిరాఫీ తల ఆయన నల్ల సంచీలో ఉంది. జీబ్రాలు కోటు జేబులు వెతుకుతున్నాయి. స్టెతస్కోపు నిప్పుకోడి మెడలో ఉంది, ఎలా పోయిందో ఆ దేవుడికే తెలియాలి. ఆ పొద్దున కూడా అక్క అలవాటుగా క్యారెట్లు కట్టిందన్నమాట, సంచీ నిండా.

"చూశారా" అన్నాను. "సూదులు లేవట. ఈ డాక్టరు దగ్గర ఉన్న మందు ఇదొక్కటే."

"మరి గున్నకి?" ఆ చిన్నపిల్ల వదలదే.

బావ లేచాడు. మోకాళ్లు దులుపుకుని, ఆఖరి క్యారెట్టు జేబులోంచి తీసి, ఆయాసపడుతూనే నడుచుకుంటూ వెనక్కి పోయి రబ్బరు గున్న నోటి దగ్గర పెట్టాడు. నేను బండి అటు తిప్పి బటన్ నొక్కాను. గున్న తొండం ఎత్తింది. పిల్లలు కొట్టిన చప్పట్లకి మా చెరువులో మొసలి ఒడ్డుకొచ్చి చూసి పోయింది.

ఓనరు గారు జేబురుమాలతో కళ్లు తుడుచుకున్నారు. "ఈ పరుగు మీ కాగితాల్లో ఉందామ్మా?" అని మేనేజరమ్మని అడిగారు.

చెడ్డ మనిషేం కాదని చెప్పాను కదా, అబద్ధమాడలేదు. "లేదు సార్" అంది. పెన్ను తీసి, "సోమవారానికి ఉంటుంది" అంది.

బండి దిగి బావ దగ్గరికి పోయింది. "రోజూ ఇలాగే పరిగెత్తగలరా మీరు?"

"పరిగెత్తమంటే ఎంతసేపైనా సరే మేడమ్" అన్నాడు బావ. "నిలబడమనకండి, అది నా వల్ల కాదు."

సోమవారం ఏడో కాగితం వచ్చింది. షెడ్డులో అదే టైరు మీద కూర్చుని బావ చదివాడు. "హారను వినగానే డాక్టరు పరిగెత్తును." ఆ ఒక్క ముక్కే మూడుసార్లు చదివాడు. నాకు మొదటిసారే వినబడిందని చెప్పలేదు నేను.

ఇప్పుడంతా బాగానే ఉంది. అక్క ఇంట్లో పంచదార కూడా దొరికింది. ఒక్కటే చిక్కు. అక్క ఉతికి ఆరేసిన తెల్లకోటు వీధిలోవాళ్ల కంటపడింది. మర్నాడు పొద్దున్నే మోకాళ్ల నొప్పులని, నడుం నొప్పులని ఏడుగురు గుమ్మంలో కూర్చున్నారు. బావ కిటికీలోంచి చూసి, పెరటి తలుపు తీసి పరుగు లంకించుకున్నాడు. వాళ్లూ వెంటపడ్డారు. మూడు వీధులు తిరిగాక ఒకావిడ మోకాలి నొప్పి అక్కడికక్కడే పోయిందట. అప్పట్నించి ఆవిడ మందు కోసం రోజూ వస్తోంది. చుట్టాలని కూడా తీసుకొస్తోంది.