బొగ్గువీరుడి తల్లి

రవికుమార్ తీసిన సినిమాలో హీరో పేరు శక్తి. మణుగూరు బొగ్గు ముక్క మింగగానే వాడికి ఎక్కడలేని బలం వచ్చి గాల్లోకి లేస్తాడు. వీపున వేలాడేది ఇంట్లోని చలి దుప్పటి. అది చూస్తే నవ్వొస్తుందని రవికుమార్‌కూ తెలుసు. అందుకే చివర్లో శక్తి చనిపోతే తల్లి ఏడ్చే సీను పెట్టాడు. నవ్వూ ఏడుపూ సమంగా ఉంటేనే జనం చివరిదాకా చూస్తారని అతని నమ్మకం.

తల్లి వేషానికి పెద్దమ్మ హేమ్లిని బతిమాలాడు.

"నిజంగ ఏడ్వాలె పెద్దమ్మా, యాక్టింగ్ వద్దు."

ఆమె నిజంగానే ఏడ్చింది. తండాలో ఆడవాళ్లు పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తూ, రాగం తీసి ఏడుస్తారు. శక్తి తలను ఒళ్లో పెట్టుకుని రాగం ఎత్తుకుంది గానీ, నోట వచ్చిన పేరు మాత్రం లాలు. జ్వరంతో పోయిన ఆమె కొడుకు. కెమెరా పట్టుకున్న రవికుమార్‌కే కళ్లు తడిశాయి.

ఎడిటింగ్‌కు కూర్చున్నాక ఆ కన్నీళ్లు ఎటు పోయాయో, అతనికి పేరు తప్పు ఒక్కటే కనిపించింది. మళ్లీ తీయడానికి బద్ధకం. "లాలూ" అన్న చోటల్లా మేక అరుపు అతికించాడు. తప్పు కనబడకుండా పోయింది, పైగా కామెడీ! తన తెలివికి తానే మురిసిపోయాడు.

ఆదివారం తండా బడిలో కిటికీలకు దుప్పట్లు కట్టి సినిమా వేశారు. హేమ్లి కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. ఏడుపు సీనులో మేక అరిచింది. జనం గొల్లున నవ్వారు. మళ్లీ అరిచింది, మళ్లీ నవ్వారు. హేమ్లి నవ్వలేదు. మేక అరిచినప్పుడల్లా ఆమె పెదవులు కదులుతున్నాయి. ఆ అరుపు కింద ఏ పేరుందో ఆమెకు తెలుసు.

రవికుమార్‌కు తల కొట్టేసినట్టయింది. సినిమా అయిపోగానే, తల్లాడ నుంచి వచ్చిన స్నేహితుడు జయప్రకాశ్ వీపు చరిచాడు.

"మేక కామెడీ అదిరిందిరా!"

చెంప పగలగొట్టినా ఇంత సిగ్గుండేది కాదు.

హేమ్లి మెల్లగా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నేను సక్కగ ఏడ్వలేదా బిడ్డా? గందుకే మేకను పెట్టినవా?"

"గట్ల కాదు పెద్దమ్మా..."

"మల్ల తియ్యి. ఈపారి యాది పెట్టుకుంట. లాలు అనను."