సుంకప్ప కథల గీత

సుహానాకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి!

"ఈ గీత తలకిందులుగా ఉండాది. తిప్పి పెట్టు, లేదంటే ఆ కథలు తీసేయ్. అప్పుడే నీ థీసిస్ మీద సంతకం చేస్తా," అన్నాడు హిందూపురంలో ఆమె గైడు రామాంజినేయులు.

ఆమె చేసేది బ్రహ్మవిద్యేం కాదు. తెలుగు కథల్ని కంప్యూటర్‌కు ఇస్తే అది ఒక్కో కథను ముక్కలు చేసి, సంతోషం మాటలూ దుఃఖం మాటలూ తూకమేసి, కథ యాడ లేస్తాదో యాడ పడతాదో గీత గీస్తాది. అందరి కథలూ లేచి పడినాయి. ధర్మవరం నేతగాడు సుంకప్ప రాసినవి మాత్రం మొదట్లోనే గుంతలో పడి, మెల్లగా గట్టెక్కినాయి.

ఏండ్ల చదువంతా ఆ సంతకం మీదనే వేలాడతాండాది. ధర్మవరంలో ఇంటికి పోయే రైలు పెనుకొండ దాటేసరికి సుహానా ధైర్యం జారిపోయింది. ల్యాప్‌టాప్ తెరిచి, సుంకప్ప కథనొకదాన్ని వెనకది ముందుకు, ముందుది వెనక్కు సర్దేసింది. గీత ముచ్చటగా వచ్చింది. పాడు గీత!

ఇంట్లో నాయన నూరుల్లా మగ్గం మీద ఉన్నాడు. నేసేవాళ్లకు పక్కన కూర్చోని కథ చదవడం ఆ వీధిలో అలవాటే. సుహానా సర్దిన కథ చదివింది. కథలో పిల్ల నవ్వింది, పెరిగింది, ఆఖర్లో చచ్చిపోయింది. నాయన చేయి అదిరి పట్టుపోగు పుటుక్కున తెగింది.

"ఏం మే, చావు ముందే చెప్పాల గదా! సుంకప్ప ఎప్పుడన్నా ఇట్ల చెప్పినాడా? ఏడుపు మొదట్లోనే తీరిపోతే చేయి ఆడతాది. ఆ పిల్ల ఎట్ల బతికిందో నిమ్మళంగా వింటాం."

సుహానాకు సిగ్గేసింది. సర్దిన ఫైలు అప్పుడే చెరిపేసింది.

మరుసటి వారం సెమినార్లో అసలు గీతనే తెర మీద పెట్టింది. రామాంజినేయులు అందరి ముందరా లేచినాడు.

"ఇట్లయితే నేను సంతకం చేయను."

"చేయొద్దండి సార్." సుహానా గొంతు తగ్గలేదు. "మగ్గం ఆడిస్తా వినేవాళ్ల కోసం కట్టిన కథలివి. చావు ముందు చెప్పి, బతుకు తరువాత చెప్తాయి. మీ సంతకం కోసం వాటిని తిప్పను."

ఆయన తలుపు ధడేల్మని వేసి వెళ్లిపోయినాడు. సుహానా కండ్లు తుడుచుకోని సుంకప్ప ఇంకో కథ గీతను తెర మీదికి తెచ్చింది.

"ఇదీ చావుతోనే మొదలు. కూర్చోండి, చెప్తా."