ఐదూ పన్నెండుకి ఒడ్డు పలకలేదు

స్వర్ణ కంప్యూటరు తెరుచుకోవడానికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఫర్జానా ఫోన్లో టైము పెట్టి మరీ చూసింది. ఈలోపు టీ తాగేసింది, రెండు బజ్జీలు తినేసింది, స్క్రీను మీద తిరుగుతున్న చక్రాన్ని చూసి చూసి ఆవలించింది. వాకాడు సెంటర్లో రిపేరు షాపు పెట్టి ఏడాదిన్నర అయింది కానీ ఇలాంటి మొండి మిషన్ ఒక్కటి కూడా తగల్లేదు.

"అక్కా, ఇది కంప్యూటరా తాబేలా?"

"నవ్వు తల్లీ, నవ్వు. పిల్లకాయలు స్కాలర్‌షిప్పు దరఖాస్తుకని వచ్చి, కూర్చోని కూర్చోని ఎల్లిపోతాండారు. నువ్వు బాగుచెయ్యకపోతే నా షట్టరు దించుకోవాల్సిందే."

సముద్రం వినపడేంత దగ్గర్లో ఉన్న పాళెం అది. ఇంటి ముందుగదే స్వర్ణ జిరాక్స్ సెంటరు. కంప్యూటరు పక్కనే వైర్‌లెస్ సెట్టు, దాని మీద పచ్చలైటు. పాళెం బోట్లన్నీ ఆ సెట్టుతోనే మాట్లాడతాయి. పిలిస్తే పలకలేదనీ, అసలు పిలవనే లేదనీ ఒడ్డున ఎప్పుడూ కొట్లాటే. అందుకని స్వర్ణ అన్న చిన్నబాబు సెట్టు నుంచి కంప్యూటరుకి ఒక వైరు లాగాడు. ఇక ప్రతి పిలుపూ రికార్డవుతుంది, అబద్ధాలకు చోటు లేదు. ఆ చిన్నబాబు నిన్న సాయంత్రం వేటకు పోయి ఇంకా తిరిగి రాలేదు. మబ్బు నల్లగా దిగుతోంది.

ఫర్జానా వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. డిస్కు నిండా నాలుగేళ్ల రికార్డింగులే. ఊపిరాడ్డానికి చోటెక్కడుంది? ఆన్ చేయగానే పదమూడు ప్రోగ్రాములు ఒకేసారి లేస్తున్నాయి. పన్నెండు ఆపేసింది, రికార్డింగుది మాత్రం ఉంచింది. వేగంగా పనిచేసే కొత్త డిస్కు, ఎస్ఎస్‌డీ, తెచ్చింది కాబట్టి అందులోకి అన్నీ మార్చేస్తే అరనిమిషంలో తెరుచుకుంటుంది! ముందు దుమ్ము సంగతి చూడాలి. కంప్యూటరు ఆపేసి, సీపీయూ మూత తీసింది. లోపల ఫ్యాను కనపడలేదు. ఉప్పూ ఇసకా కలిసి గడ్డకట్టిన బూడిదరంగు ముద్ద, దాంట్లో మెరుస్తూ రెండు చేప పొలుసులు.

బ్లోయరుకి ప్లగ్గు కావాలి. చేతికందిన ప్లగ్గు ఒకటి పీకి తనది పెట్టింది. బుర్రుమంటూ దుమ్మంతా గడప దాటి వాకిట్లో పడింది.

"ఆపు బిడ్డా! ఆపు!" లోపల్నుంచి స్వర్ణ అమ్మ ఆదిశేషమ్మ అరుచుకుంటూ వచ్చింది. "మనిషి నీళ్ల మీద ఉండంగా ఇంట్లో దుమ్ము గడప దాటియ్యగూడదు. పొరకే ముట్టుకోం మేం. వాడి దారి ఊడ్చేసినట్టు గదా!"

"ఇది ఇల్లు కాదు పెద్దమ్మా, కంప్యూటరు."

"కంప్యూటరు ఇంట్లో లేదా?"

ఫర్జానా నవ్వేసింది. ఆదిశేషమ్మ నవ్వలేదు. వాకిట్లో కూర్చుని, గాలికి ఎగిరిపోకుండా ఆ దుమ్ము చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

మిషన్ మళ్లీ ఆన్ చేస్తే ఆరు నిమిషాల్లో తెరుచుకుంది. ఫర్జానా ఉత్సాహంగా రికార్డింగుల ఫోల్డరు తెరిచింది, కొత్త డిస్కులోకి ఎక్కించాలని. చివరి ఫైలు దగ్గర చెయ్యి ఆగిపోయింది. తేదీ ఇవాళ్టిదే. టైము సాయంత్రం ఐదూ పన్నెండు.

గోడ గడియారంలో నాలుగూ యాభై.

లోపలి గడియారం బటన్ సెల్లు అయిపోయుంటుంది, టైము తప్పు చూపిస్తోంది, అంతే అనుకుంది. స్క్రీను మూల చూసింది. నాలుగూ యాభై. ఫోన్లోనూ అంతే. అయినా సెల్లు చచ్చిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. ముందుకు పోదు. అది ఏ మిషన్లోనూ జరగదు.

ప్లే నొక్కింది. వాన హోరు. దాని వెనక మగ గొంతు.

"ఒడ్డు... ఒడ్డు... సొర్నా, వినపడతాందా? అంతా తెల్లంగా ఉండాది, ఏటి మొగ ఏ పక్కనో తెలీడం లేదు. ఇసకమేట మీదికే పోతాండామేమో... ఎవురన్నా పలకండయ్యా... సొర్నా..."

ఎవరూ పలకలేదు. చివర నలభై సెకన్లు వాన మాత్రమే.

జిరాక్స్ మిషన్ దగ్గర్నుంచి స్వర్ణ మెల్లగా వచ్చి నిలబడింది. "మా అన్న గొంతే అది. ఎప్పటిది?"

ఫర్జానా వేలితో టైము చూపించింది. స్వర్ణ చూపు మాత్రం స్క్రీను దాటి పక్కకు పోయింది.

"మే! సెట్టు లైటేది?"

బ్లోయరు కోసం తను పీకింది ఏ ప్లగ్గో ఫర్జానాకి అప్పుడు తెలిసింది. బ్లోయరుది పీకేసి సెట్టు ప్లగ్గు మళ్లీ పెట్టింది. పచ్చలైటు వెలిగింది. స్వర్ణ అన్నను పిలిచింది, పిలిచింది, పిలుస్తూనే ఉంది. బుసబుస తప్ప ఏమీ లేదు. బయట వాన మొదలై, ఎదురిల్లు కనపడకుండా పోయింది.

ఐదూ పన్నెండు.

"ఒడ్డు... ఒడ్డు... సొర్నా, వినపడతాందా? అంతా తెల్లంగా ఉండాది..."

అదే గొంతు, అవే మాటలు, అదే చోట అదే దగ్గు.

"అన్నా, వినపడతాంది! ముందుకు రాబాకండి, లంగరెయ్! ఆడ్నే ఉండు, ఒడ్డునుండే మస్తానన్న బోటు పంపిస్తాండా!"

ఎంతో సేపు వాన. తర్వాత, "యేస్తాండాం మే, యేస్తాండాం," అంది గొంతు.

ఏడు దాటాక చిన్నబాబు తడిసి ముద్దై గడపలో నిలబడ్డాడు. మేటకి పదిబారల దూరంలో ఆగామన్నాడు. ఆదిశేషమ్మ కొడుకు మొహం రెండు చేతులతో తడిమింది. తర్వాత కొంగులో మూటగట్టి దాచిన దుమ్ము తెచ్చి, మూత లేని సీపీయూలో జాగ్రత్తగా పోసింది. ఫర్జానా వద్దనలేదు.

వెళ్లే ముందు ఐదూ పన్నెండు ఫైలు మళ్లీ విన్నది. సైజు మారలేదు. అందులో స్వర్ణ పలకలేదు. లంగరు లేదు. నలభై సెకన్ల వాన, అంతే. దాని కింద ఇందాక లేని ఫైలు ఒకటి. వచ్చే శుక్రవారం తేదీ.

మౌసు మీదికి పోతున్న ఆమె చేతిని స్వర్ణ పట్టుకుంది.

"వద్దు. శుక్రవారం ఎవుర్నీ నీళ్ల మీదికి పోనియ్యను. నీ కొత్త డిస్కు నువ్వే తీసకపో. మా అన్నని ఒడ్డుకి తెచ్చింది ఇదే, దీన్ని ఇట్నే ఉండనీ."

"నిదానంగానే ఉంటాది అక్కా."

"ఉండనీ. షట్టరు పోతే పోనీ."

ఫర్జానా మూత బిగించి, ఆపేసిన పన్నెండు ప్రోగ్రాముల్నీ ఒక్కొక్కటిగా మళ్లీ పెట్టి, మిషన్ ఆపి ఆన్ చేసింది. చక్రం తిరగడం మొదలైంది. నలుగురూ దాని ముందు కూర్చున్నారు. ఇరవై రెండు నిమిషాలూ ఎవరూ లేవలేదు.